6.1 అంటే ఆరు పాయింట్ ఒకటి కాదు: ఏఐ ఏజెంట్లు వాడే ఒక బేస్‌బాల్ టూల్‌కి డాక్యుమెంటేషన్ రాసిన కేసు

నేపథ్యం

నేను టెక్నికల్ రైటర్‌ని. విజయనగరంలో ఇంటి నుంచే పని చేస్తాను. ఇన్నాళ్లూ మనుషులు చదివే మాన్యువల్సే రాశాను. ఈ కేసు దగ్గర పెట్టుకోవడానికి కారణం, మొదటిసారి మనిషి కాని పాఠకుడి కోసం రాయాల్సి రావడం, ఆ పాఠకుడి ముందు నాకున్న మంచి అలవాట్లే ఎదురు తిరగడం. క్లయింటు ఎవరో, మధ్యలో ఉన్న కంపెనీ ఏదో చెప్పను. ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. బేస్‌బాల్ అంకెలు మాత్రం మార్చలేదు, అవి అందరికీ తెలిసిన రికార్డులే.

టూల్ చేసే పని చూడ్డానికి చిన్నది. పిచర్ పేరు, సీజన్ ఇస్తే గెలుపులు, ఓటములు, వేసిన ఇన్నింగ్స్, స్ట్రైకవుట్లు, వాక్‌లు, ఈఆర్ఏ లాంటి అంకెలు వెనక్కి ఇస్తుంది. దాన్ని పిలిచేది మనిషి కాదు, ఏఐ ఏజెంట్. ఏజెంట్ వెనక ఉన్న భాషా మోడల్‌కి టూల్స్ జాబితా ఒకటి అందుతుంది. ఒక్కో టూల్‌కి ఒక పేరు, ఒక డిస్క్రిప్షన్, ఏ పారామీటర్‌లో ఏం పెట్టాలో చెప్పే స్కీమా ఉంటాయి. వాడేవాళ్లు ప్రశ్న అడగ్గానే మోడల్ ఆ జాబితా చదివి ఏ టూల్‌ని పిలవాలో, ఏ విలువలు పంపాలో తనే తేల్చుకుంటుంది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ, మోడళ్లకి బయటి టూల్స్‌ని కలిపే ఉమ్మడి పద్ధతి అయిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని బయటపెట్టాక ఇలాంటి టూల్స్‌ని ఏజెంట్లకి తగిలించడం తేలికైంది. నాబోటి వాళ్లకి కొత్త పని దొరికింది కూడా అప్పుడే.

నాకు బేస్‌బాల్ రాదు. విజ్జీ ఊరు మాది, 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకి కెప్టెన్సీ చేసిన ఆయన పేరు ఇక్కడ పిల్లలకీ తెలుసు. అందుకని క్రికెట్ లెక్కల దారిలోనే ఇందులోకి వెళ్లాను. పిచర్ అంటే మన బౌలర్ అనుకోవచ్చు. ఈఆర్ఏ అంటే అతను సగటున 9 ఇన్నింగ్స్‌కి ఎన్ని పరుగులిచ్చాడో చెప్పే అంకె. అయితే ఫీల్డర్ల తప్పు వల్ల వచ్చిన పరుగులు పిచర్ ఖాతాలో రాయరు. మన దగ్గర స్లిప్‌లో క్యాచ్ వదిలేస్తే ఆ తర్వాత వచ్చే పరుగులన్నీ బౌలరే మోయాలి. బేస్‌బాల్ వాళ్లు ఈ విషయంలో కాస్త ధర్మంగా ఉన్నారనిపించింది.

వచ్చిన సమస్య

టూల్ నా దగ్గరికి వచ్చేసరికి దాని డిస్క్రిప్షన్ ఒక్క వాక్యం: పిచర్ గణాంకాలు ఇస్తుంది. క్లయింటు ఫిర్యాదు కూడా ఒక్క వాక్యమే: ఏజెంట్ ధీమాగా తప్పు చెబుతోంది. టూల్ కోడ్ రాసిన అబ్బాయిది పలాస వైపు ఊరు. లాగ్స్ (ఏజెంట్ ఏం అడిగిందో, టూల్ ఏమిచ్చిందో నమోదైన రికార్డులు) పంపిస్తూ, "అక్కా, కోడ్‌లో ఏ తప్పూ లేదు. అది చదవడమే తప్పు చదువుతోంది" అన్నాడు. లాగ్స్ చూస్తే అతని మాట నిజమే.

మొదటిది జస్టిన్ వెర్లాండర్ అనే పిచర్ 2023 సీజన్. ఆ ఏడు అతను న్యూయార్క్ మెట్స్‌తో మొదలుపెట్టి సీజన్ మధ్యలో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి మారాడు. మెట్స్‌కి 6 గెలుపులు, ఆస్ట్రోస్‌కి 7, మొత్తం 13. టూల్ మూడు వరుసలు ఇచ్చింది: మొత్తానికి ఒకటి, జట్టుకొకటి. ఏజెంట్ మూడూ కూడేసి 26 గెలుపులని చెప్పింది. 1990లో బాబ్ వెల్చ్ అనే పిచర్ 27 గెలిచాడు. ఆ తర్వాత 26 దాకా వచ్చినవాడే లేడు. బేస్‌బాల్ తెలిసినవాడు ఆ అంకె చూస్తే కుర్చీలోంచి లేస్తాడు. మోడల్‌కి కుర్చీ లేదు కదా.

ఇదే ప్రశ్నని ఇంకోసారి అడిగితే ఇంకో తప్పు చేసింది. మెట్స్‌తో ఈఆర్ఏ 3.15, ఆస్ట్రోస్‌తో 3.31. ఆ రెండింటికీ సగటు తీసి 3.23 అంది. అసలు అంకె 3.22. రెండు జట్లకీ వేసిన ఇన్నింగ్స్ సమానం కానప్పుడు ఈఆర్ఏలని అలా సగం చేయకూడదు. ఈ తప్పు నన్ను 26 కన్నా ఎక్కువ భయపెట్టింది. 26ని ఎవరో ఒకరు పట్టుకుంటారు, 3.23ని ఎవరూ పట్టుకోరు.

రెండోది ఇన్నింగ్స్ రాసే తీరు. ఇన్నింగ్స్‌లో మూడు అవుట్లు. పిచర్ ఆరు ఇన్నింగ్స్ పూర్తిచేసి ఇంకొక అవుట్ తీస్తే 6.1 అని రాస్తారు, రెండు తీస్తే 6.2. టీవీలో 19.4 ఓవర్లు అని కనబడితే పందొమ్మిది ఓవర్ల నాలుగు బంతులని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే, బంతులకి బదులు అవుట్లు. 1.2 ఇన్నింగ్స్ వేసి ఒక ఎర్న్‌డ్ రన్ (పిచర్ ఖాతాలో రాసే పరుగు) ఇచ్చిన పిచర్ ఈఆర్ఏ 5.40. ఏజెంట్ 9ని 1.2తో భాగించి 7.50 అంది. రెండు మ్యాచ్‌ల 6.2, 5.2 కూడితే 12.1 రావాలి, అది 11.4 తెచ్చింది. పాయింట్ నాలుగు అనే ఇన్నింగ్స్ ఈ ఆటలోనే లేదు.

మూడోది మనవాళ్ల వల్లే బయటపడింది. టెస్ట్ చేస్తూ ఎవరో రింకు సింగ్ అని కొట్టారు. ఆ పేరున్న ఒక కుర్రాడు ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న మాట నిజమే. కానీ ఆడింది మైనర్ లీగ్‌ల్లో, అంటే మేజర్ లీగ్ కన్నా కింది స్థాయి పోటీల్లో. మా టూల్‌లో మేజర్ లీగ్ రికార్డులే ఉన్నాయి. టూల్ ఖాళీ జాబితా ఇచ్చింది. ఏజెంట్ ఆ ఖాళీని ఖాళీగా ఉంచలేక నాలుగు అంకెలు అల్లి పెట్టింది.

మొదటి ప్రయత్నం

పదేళ్లకి పైగా మనుషులకి రాసినదాన్ని కాబట్టి నాకు తెలిసిన మందు ఒకటే: వివరంగా చెప్పడం. డిస్క్రిప్షన్‌ని ఒక్క వాక్యం నుంచి దాదాపు నాలుగు పేజీలు చేశాను. ఇన్నింగ్స్ నియమం, జట్టు మారిన పిచర్ల నియమం, ఈఆర్ఏ సూత్రం, అన్నిటికీ ఉదాహరణలు. చివర్లో గట్టిగా ఒక మాట: పిచర్ గురించి ఏ ప్రశ్న వచ్చినా తప్పనిసరిగా ఈ టూల్‌నే వాడాలి.

అప్పటి నా ఆలోచన తెలివితక్కువదేమీ కాదు. మోడల్ తప్పు చేస్తోంది దానికి తెలియక, తెలియజెప్తే చేయదు, అనుకున్నాను. కొంతవరకు అలాగే జరిగింది. ఇన్నింగ్స్ కూడికలు బాగుపడ్డాయి. కానీ కొత్త జబ్బులు మూడు పట్టుకొచ్చాయి.

సీజన్ చెప్పకుండా అడిగిన ప్రశ్నలకి ఏజెంట్ 2023 అని తనే నింపడం మొదలుపెట్టింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత నా ఉదాహరణే కనబడింది: వెర్లాండర్, 2023. మనిషి ఉదాహరణని ఉదాహరణగా చూస్తాడు. మోడల్ కొన్నిసార్లు దాన్ని ముందే నింపిన ఫారంలా చూస్తుంది.

రెండో జబ్బు, పాయింట్ తర్వాత అంకె గురించి అంత గట్టిగా చెప్పేసరికి ఆ నియమాన్ని తనది కాని చోటికి లాక్కెళ్లింది. 9 ఇన్నింగ్స్‌కి 1.2 హోమ్ రన్స్ (మన సిక్సర్ లాంటివి) ఇచ్చాడంటే అది మామూలు దశాంశమే. దాన్నీ ఒకటీ రెండు మూడో వంతులుగా చదివింది.

మూడోది ఆ తప్పనిసరి మాట వల్ల వచ్చింది. ఈఆర్ఏ అంటే ఏంటి అని అడిగినా టూల్‌ని పిలిచింది. క్రికెటర్ రింకు సింగ్ 2023 ఐపీఎల్‌లో గుజరాత్ మీద చివరి ఓవర్లో కొట్టిన ఐదు సిక్సర్ల గురించి అడిగినా పిచింగ్ టూల్ దగ్గరికే వెళ్లింది. "అదేటక్కా, బ్యాటర్ని అడిగితే పిచర్ని వెతుకుతాది?" అన్నాడు అబ్బాయి. నవ్వొచ్చింది, ఒళ్లు మండింది కూడా. పైగా ఈ నాలుగు పేజీలూ ప్రతి ప్రశ్నకీ మోడల్ ముందు పరవాల్సిందే. ఆ ఖర్చు క్లయింటుది.

రెండో ప్రయత్నం, అక్కడ ఆగడం

డిస్క్రిప్షన్‌ని కోసి ఏ మాట ఎక్కడ పనికొస్తుందో అక్కడ పెట్టాను. సీజన్ గురించిన మాట సీజన్ పారామీటర్ దగ్గర, పేరు గురించినది పేరు దగ్గర. ఉదాహరణలు తీసేశాను. తప్పనిసరి అన్న చోట ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడక్కర్లేదో మామూలు గొంతుతో రాశాను. ఫలితం మెరుగైంది. కానీ జట్టు మారిన పిచర్ల లెక్క అప్పుడప్పుడు తప్పుతూనే ఉంది. ఒకే ప్రశ్న ఐదుసార్లు అడిగితే నాలుగుసార్లు ఒప్పు, ఐదోసారి మళ్లీ 26. వాక్యాన్ని ఎన్ని రకాలుగా తిప్పి రాసినా ఆ ఐదోసారి పోలేదు.

ఇక్కడ రెండు రోజులు ఊరికే పోయాయి. నేను క్రియాపదాలు మారుస్తూ కూర్చున్నాను. అబ్బాయే ఫోన్ చేశాడు.

"అక్కా, ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. ఈ మూడు వరుసలూ కూడకండి అని మీరు రాయడమెందుకు? నేను ఒక్క వరుసే ఇస్తే పోదా?"

"మన ఒప్పందం డాక్ వరకే కదా నాయనా. కోడ్ మార్చమంటే క్లయింటు ఏమంటాడో."

"అడిగి చూడండి. మారిస్తే పది లైన్లు, మార్చకపోతే మీకు పది పేరాలు."

ఒప్పందం నిజమే కానీ నా బెరుకు అందులోంచి వచ్చింది కాదు. డాక్‌లో సరిచేయలేనంటే నా పని నేను చేయలేనన్నట్టు ఉంటుందని. ఆ అహం పక్కన పెట్టడానికి ఒక పూట పట్టింది.

పనిచేసింది

ఆ సాయంత్రం నేను రాసిన హెచ్చరికలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్న అడిగాను: టూల్ మారితే ఈ వాక్యం అక్కర్లేకుండా పోతుందా? పోతుందన్నవి అబ్బాయికి, పోదన్నవి నాకు. పది లైన్లే అనేసరికి క్లయింటు కూడా అడ్డు చెప్పలేదు.

అతనికి వెళ్లినవాటిలో మొదటిది వరుసలు. ఇప్పుడు టూల్ మామూలుగా సీజన్ మొత్తం ఒక్క వరుసే ఇస్తుంది. జట్టువారీగా కావాలంటే వేరే పారామీటర్‌తో అడగాలి. 26 మళ్లీ రాలేదు, రావడానికి దారే లేదు.

ఇన్నింగ్స్ విషయంలో కొంత వాదన జరిగింది. అబ్బాయి 6.1ని 6.33గా మార్చి ఇద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏజెంట్ ఆ 6.33నే జవాబులో రాస్తే బేస్‌బాల్ అభిమానులు నవ్వుతారు. చివరికి రెండూ ఇచ్చాం: చూపించడానికి 162.1 అనే రాత, లెక్కకి 487 అవుట్లు అనే పూర్ణాంకం. ఎర్న్‌డ్ రన్స్‌ని 27తో (9 ఇన్నింగ్స్‌లో ఉండే అవుట్లు) గుణించి అవుట్లతో భాగిస్తే ఈఆర్ఏ వచ్చేస్తుంది. వెర్లాండర్‌కి 58 గుణించు 27, భాగించు 487, అంటే 3.22. ఇన్నింగ్స్ గురించి నేను రాసిన పేరా మొత్తం పోయి, కూడికలకి అవుట్ల అంకెనే వాడు అన్న ఒక్క వాక్యం మిగిలింది.

పేర్లు ఇంకో కథ. విల్ స్మిత్ అంటే ఒకరు ఎడమచేతి పిచర్, ఇంకొకరు డాడ్జర్స్ జట్టు క్యాచర్, మన వికెట్‌కీపర్ లాంటివాడు. 2020 ప్లేఆఫ్స్‌లో ఆ క్యాచర్ విల్ స్మిత్ ఈ పిచర్ విల్ స్మిత్ బంతినే హోమ్ రన్ కొట్టాడు. లూయిస్ గార్సియా పేరుతో ఒకే కాలంలో ఇద్దరు పిచర్లు మేజర్ లీగ్‌లో ఉన్నారు. మన కాలేజీ హాజరుపట్టీలో ఐదుగురు అప్పలనాయుళ్లున్నట్టే. మాస్టారు ఇంటిపేరు అడుగుతారు. పాత టూల్ అడక్కుండా మొదటివాడి వివరాలు ఇచ్చేసేది. కొత్తది ఒకరికన్నా ఎక్కువమంది ఉంటే అంకెలు ఇవ్వదు. వాళ్ల జాబితా, పుట్టిన సంవత్సరం, ఆడిన జట్లు ఇచ్చి ఎవరు కావాలో తేల్చుకుని మళ్లీ పిలవమంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఖాళీ గురించి. గంటస్తంభం దగ్గర కొట్లో ఏదైనా అడిగితే లేదంటారు. అది అయిపోయిందన్న లేదా, మేం అమ్మమన్న లేదా, ఇంకా సరుకు దిగలేదన్న లేదా అన్నది వాళ్ల గొంతులో తెలుస్తుంది. దాన్నిబట్టి ఆగాలో, పక్క కొట్టుకి పోవాలో తేల్చుకుంటాం. టూల్ ఇచ్చే ఖాళీ జాబితాకి గొంతు లేదు. పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే షోహెయ్ ఒహ్తాని 2024లో ఒక్క బంతి కూడా పిచ్ చేయలేదు, మోచేతి ఆపరేషన్ తర్వాత కోలుకుంటూ బ్యాటింగ్ మాత్రమే చేశాడు. 54 హోమ్ రన్స్ కొట్టిన ఏడు అది. అతని 2024 పిచింగ్ అడిగితే టూల్ ఖాళీ ఇచ్చింది, ఏజెంట్ 2023 నాటి 3.14 ఈఆర్ఏ తెచ్చి 2024 అని చెప్పింది. రింకు సింగ్‌దీ ఖాళీయే, ఇతనిదీ ఖాళీయే, కానీ రెండింటికీ చెప్పాల్సిన జవాబులు వేరు.

అందుకని మూడు రకాల లేదులకి మూడు సందేశాలు రాశాను. ఈ పేరుతో మేజర్ లీగ్ రికార్డుల్లో ఎవరూ లేరు, మైనర్ లీగ్‌లు ఇందులో లేవు. ఈ ఆటగాడు ఉన్నాడు కానీ ఆ సీజన్లో పిచ్ చేయలేదు, పిచ్ చేసిన సీజన్లు ఇవి. ఈ సీజన్ మా డేటాలో లేదు. ప్రతిదాని చివరా ఏజెంట్ తర్వాత చేయాల్సిన పని ఒక్కటి: ఆ మాటే వాడేవాళ్లకి చెప్పు, అంకెలు ఊహించకు. ఇవి డిస్క్రిప్షన్‌లో కాకుండా టూల్ ఇచ్చే జవాబులోనే ఉంటాయి. కారణం సులువు. డిస్క్రిప్షన్‌ని మోడల్ పని మొదలుపెట్టకముందు చదువుతుంది. ఈ సందేశాన్ని చిక్కులో ఉన్న క్షణంలోనే చదువుతుంది. నాలుగు పేజీల్లో ఎక్కడో రాసిన హెచ్చరిక కన్నా ఇది బాగా పనిచేసింది. ఎర్రర్ మెసేజ్‌లు ప్రోగ్రామర్ల పనని ఇన్నాళ్లూ వదిలేశాను, ఇకమీదట ముందుగా అవే అడిగి తీసుకుంటాను.

ఇక నా చేతిలో మిగిలిన డిస్క్రిప్షన్ ఏడు వాక్యాలు. టూల్ ఏం ఇస్తుందో రెండిటిలో, ఏం ఇవ్వదో మిగతావాటిలో: బ్యాటింగ్ లేదు, జరుగుతున్న మ్యాచ్ స్కోరు లేదు, బంతి వేగం లేదు, అంకెలన్నీ రెగ్యులర్ సీజన్‌వే. ఈ చివరిది కోడ్ మార్చినా పోని రకం. క్లేటన్ కెర్షా అనే పిచర్‌కి రెగ్యులర్ సీజన్లలో కెరీర్ ఈఆర్ఏ రెండున్నర దగ్గర, పోస్ట్‌సీజన్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, నాలుగు పైన. ఏది అడుగుతున్నారో ప్రశ్నలోంచే తెలియాలి. పోస్ట్‌సీజన్ డేటా మా దగ్గర లేనప్పుడు ఆ మాట ముందే చెప్పడం తప్ప దారి లేదు.

పరీక్ష పద్ధతి గురించి ఒక మాట. 30 ప్రశ్నలు రాసుకున్నాం, అందులో పది జవాబు లేనివి. ఒక్కోటీ కొత్త సెషన్లో ఐదుసార్లు. ఒక విడతకి ఒక్క మార్పే. ఇది విసుగు పని. అది కూడా సరిగ్గా పైడితల్లి అమ్మవారి తొలేళ్ల రాత్రి పడింది. వీధిలో డప్పులు, ఇంట్లో చుట్టాలు, నేను గదిలో లాగ్స్ ముందు. మా పెద్దమ్మ తలుపు తీసి, "ఏటే, పండగ పూట కూడా ఆ డబ్బాతోనేనా?" అంది. మర్నాడు సిరిమాను చూడ్డానికి వెళ్లాను, లాప్‌టాప్ మూసేసే.

నాకు మిగిలినవి

మొదటి డ్రాఫ్ట్ చెడ్డదని ఇప్పటికీ అనుకోను, చదివే మనిషి ఉంటే అది మంచి మాన్యువలే. మనిషి ఒకసారి చదివి గుర్తుపెట్టుకుంటాడు, అనుమానం వస్తే పక్కవాణ్ణి అడుగుతాడు, 26 చూసి ఆగుతాడు. మోడల్ ప్రతిసారీ కొత్తగా చదువుతుంది, అడిగే పక్కవాడు లేడు. ఇప్పుడు ఏ టూల్ వచ్చినా డాక్ తెరవకముందు మూడు పనులు చేస్తున్నాను: ఖాళీ వచ్చినప్పుడు ఏమిస్తుందో చూడ్డం, ఒకే పేరుతో ఇద్దరుంటే ఏం చేస్తుందో చూడ్డం, జవాబులో కూడకూడని అంకెలు పక్కపక్కన ఉన్నాయేమో చూడ్డం. కోడ్ రాసినవాళ్లతో మొదటి రోజే మాట్లాడ్డం నాలుగోది. ఈ కేసులో ఆ పని రెండో వారంలో చేశాను, అదీ అవతలి వాడు ఫోన్ చేస్తే.

తేలనిది ఒకటుంది. తెలుగులో అడిగితే పేరు ఎలా పట్టుకోవాలి? ఒకరు వెర్లాండర్ అని రాస్తారు, ఒకరు వర్లేండర్ అని, ఒహ్తానిని ఒటాని అనేవాళ్లు ఉన్నారు. టూల్ రోమన్ అక్షరాలే తీసుకుంటుంది, మార్చి పంపడం మోడల్ మీద వదిలేశాం. పేరున్న పిచర్ల విషయంలో అది సరిగానే పంపుతోంది. అంతగా పేరులేని లాటిన్ అమెరికా పిచర్ల దగ్గర స్పెల్లింగ్ తప్పి, మూడు లేదుల్లో మొదటి లేదు వస్తోంది: ఈ పేరుతో ఎవరూ లేరు. ఉన్నవాణ్ణి లేడనడం అది. నాలుగో సందేశం ఒకటి రాయాలా, పేరు వెతికే కోడే మార్చాలా అని పలాస అబ్బాయీ నేనూ ఇంకా తగువులాడుకుంటున్నాం.